తెర తాడు ఎవరి చేతిలో ఉంది?

(ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ... ఆ, చాలు.

పరిచయం చేసినాయన నన్ను విద్యావేత్త అన్నారు. అంతటివాణ్ని కానండీ, లెక్కల మాస్టారిని. ముప్పై ఏళ్ల పైచిలుకు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఆఖర్న కొన్నాళ్లు హెడ్మాస్టరు కుర్చీలో కూర్చున్నాను. తరగతి గది దాటాక హైస్కూలు పిల్లల్ని ఎలా తీర్చిదిద్దుతుందో మాట్లాడమన్నారు మీరు. ఆ సంగతి నాకు తెలిసివచ్చింది ఒక తెర తాడు దగ్గర. ముందు ఆ కథ చెబుతాను.

వార్షికోత్సవానికి నాటకం వేయిస్తున్నాం. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి ఉండేది. నోట్లోంచి మాట వచ్చేది కాదు. హాజరు పిలిస్తే లేచి నిలబడేది, అంతే. నాటకంలో అందరికీ ఏదో ఒక వేషం దొరికింది, ఆ పిల్లకు ఏదీ మిగల్లేదు. నిజం చెప్పాలంటే నేను మిగల్చలేదు. "నువ్వు తెర లాగమ్మా" అన్నాను. ఊరికే కూర్చోబెడితే బాగుండదని చేతిలో పెట్టిన పని అది.

ఆ తెర పాతది, మహా బరువు. పైన కప్పీ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రిహార్సళ్లు మొదలైన రెండో రోజుకే ఆ పిల్ల అరచేతులు ఎర్రగా కందిపోయాయి. మూడో రోజు చేతికి రుమాలు చుట్టుకుని వచ్చింది. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, "సార్, కప్పీకి నూనె వేయించాలి" అంది. ఆ బడిలో ఆ పిల్ల తనంతట తాను నోరు తెరిచి అడగడం నేను చూసింది అదే మొదటిసారి.

నాటకం రోజు వచ్చింది. మొదటి రంగం అయింది. ముందు వరసలో ముఖ్య అతిథి. నేను ఇవతలి వింగులో నిలబడి, అవతల తాడు పట్టుకున్న పిల్లకు "లాగు" అని చెయ్యి ఊపాను. తల అడ్డంగా ఊపింది. మళ్లీ ఊపాను, ఈసారి కళ్లెర్రజేసి. అయినా కదల్లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. అర నిమిషం గడిచింది. స్టేజీ పక్కన నిలబడ్డవాడికి అర నిమిషం అంటే ఎంతసేపో నాటకాలు వేయించినవాళ్లకే తెలుసు. అప్పుడు తెర లేచింది. అంతా అయ్యాక కేకలేశాను. ఆ పిల్ల ఒకటే మాట అంది: "కుర్చీ రాలేదు సార్."

రెండో రంగం మొదలయ్యేదే తండ్రి పాత్ర కుర్చీలోంచి లేవడంతో. కుర్చీ ఇంకా గ్రీన్‌రూములోనే ఉంది. నేను నిలబడ్డ చోటికి అది కనపడదు, ఆ పిల్ల నిలబడ్డ చోటికి కనపడుతుంది. దర్శకుణ్ని నేను. కానీ ఆ అర నిమిషం నాటకం ఆ పిల్ల చేతిలో ఉంది. ఆ సంగతి నాకంటే ముందు ఆ పిల్లకే అర్థమైంది.

ఆ తర్వాత ఎన్ని బళ్లు చూసినా, ఎన్ని కార్యక్రమాల జాబితాలు చదివినా, మనసులో ఒకటే ప్రశ్న వేసుకుంటూ వచ్చాను. ఈ పని చేస్తున్న పిల్లో పిల్లాడో ఇవాళ రాకపోతే పని ఆగుతుందా, ఆగదా? ఆగదంటే, అక్కడ పిల్లాడికి వినోదం దొరుకుతుంది, ఫొటో దొరుకుతుంది, సర్టిఫికెట్టూ దొరుకుతుంది. ఎదుగుదల దొరుకుతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

మనకు పేర్లకేం లోటు లేదు. ముందు పాఠ్యేతర కార్యక్రమాలు అన్నారు. "ఇతర" అంటే పరాయివన్నట్టు ఉందని సహపాఠ్య కార్యక్రమాలు అన్నారు. పేరు మారింది గానీ టైంటేబుల్లో చోటు మారలేదు, అదే చివరి పీరియడు. ఆటల పీరియడును లెక్కల మాస్టారు అప్పు తీసుకుంటాడు. ఆ అప్పు తిరిగి తీర్చిన లెక్కల మాస్టారిని నేను ఇంతవరకూ చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు. (నవ్వులు)

సరే, నా అనుభవం ఒక్కటే చెప్పి ఊరుకుంటే మీరు నమ్మనక్కర్లేదు. అమెరికాలో రోజర్ బార్కర్, పాల్ గంప్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాన్సస్ రాష్ట్రంలోని హైస్కూళ్లను పరిశీలించి 1964లో ఒక పుస్తకం వేశారు. పెద్ద బడి మంచిదా, చిన్న బడి మంచిదా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు మార్కులు చూడలేదు. బళ్లో ఎన్ని రకాల పనులు నడుస్తున్నాయి, ఒక్కో పనిలో ఎవరు ఏం చేస్తున్నారు అని కూర్చుని లెక్కపెట్టారు. బ్యాండు, నాటకం, పత్రిక, జట్లు, సంఘాలు, అన్నీ.

పెద్ద బడికి వెళ్లి గుమ్మంలో నిలబడితే కళ్లు చెదురుతాయి. అన్నీ ఉంటాయి. కానీ పిల్లలు ఎన్ని రెట్లు ఎక్కువో, పనులు అన్ని రెట్లు ఎక్కువ ఉండవు. బడిలో వందమంది ఉన్నా రెండు వేలమంది ఉన్నా ఫుట్‌బాల్ జట్టుకు కావలసింది పదకొండు మందే కదా. పెద్ద బడిలో మిగతావాళ్లు గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొడతారు. చిన్న బడిలో ఆ పదకొండు మందిని పోగుచేయడమే గగనం. అందుకని బక్కవాణ్నీ పిలుస్తారు, బెరుకువాణ్నీ పిలుస్తారు. "నువ్వు రాకపోతే జట్టు లేదురా" అంటారు. బార్కర్ వాళ్లు తేల్చింది కూడా ఇదే. ముఖ్యమైన బాధ్యతల్లో ఉండే అవకాశం చిన్న బడి పిల్లలకే ఎక్కువ. ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. చదువులో వెనకబడి, బడి అంచున నిలబడ్డ పిల్లలు ఉంటారు చూడండి, చిన్న బళ్లలో వాళ్లకు కూడా "నేను పాల్గొనాలి, నా అవసరం ఉంది" అనే భావన మిగతావాళ్లంత బలంగానే ఉంది. పెద్ద బళ్లలో అలాంటి పిల్లలు వేరే జాతి అన్నట్టు బయటే ఉండిపోయారు.

మరి పెద్ద బడిని కూల్చి చిన్నది కట్టలేం. బడి లోపల చిన్న చిన్న చోట్లు చేయవచ్చు. హౌసులు అలాంటివే. ఇంగ్లండులో పిల్లలు ఉండి చదువుకునే బళ్లలో ఒక్కో వసతి గృహం ఒక్కో హౌసు. పిల్లలు తినడం, పడుకోవడం, ఆడడం, తగవులు తీర్చుకోవడం అన్నీ అక్కడే. ఇప్పుడు మన బళ్లలో హౌసు అంటే ఏమిటి? స్పోర్ట్స్ డే నాడు నాలుగు రంగుల బనియన్లు. రాత్రికి అవి ఉతుక్కి వెళ్లిపోతాయి, వాటితోపాటు హౌసూ వెళ్లిపోతుంది.

ఇంగ్లండు పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. రగ్బీ అనే ఊళ్లోని బడికి టామస్ ఆర్నాల్డ్ 1828 నుంచి 1842లో చనిపోయేదాకా హెడ్మాస్టరు. పై తరగతి విద్యార్థుల చేతికి బడి క్రమశిక్షణ అప్పగించి పేరు తెచ్చుకున్నాడు. ఇవాళ బళ్లలో కనిపించే ప్రిఫెక్టు అనే పదవికి అంత గౌరవం రావడంలో ఆయన చెయ్యి చాలా ఉంది. పిల్లల్ని నమ్మడం గొప్ప సంగతే. కానీ ఆ పెద్ద పిల్లలకు చిన్న పిల్లల్ని కొట్టే హక్కు కూడా ఇచ్చారు. దానివల్ల ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోగలరు. పిల్లలకు పని మీద బాధ్యత ఇవ్వండి, సాటి పిల్లల మీద పెత్తనం ఇవ్వకండి. ప్రిఫెక్టు బ్యాడ్జీ పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి, షూ పాలిష్ లేనివాళ్ల పేర్లు రాసుకునే కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? పోలీసు ఉద్యోగంలో అడ్డదార్లు నేర్చుకుంటాడు. తెర లాగిన పిల్లకు ఎవరిమీదా అధికారం లేదు. తాడు మీదే ఉంది.

జపాను బళ్ల గురించి చాలామంది వీడియోలు చూసే ఉంటారు. అక్కడి పిల్లలు తమ తరగతులు, వరండాలు, మరుగుదొడ్లు తామే శుభ్రం చేస్తారు. మనవాళ్లు అది చూసి "ఎంత క్రమశిక్షణో" అంటారు. నాకు అందులో నచ్చింది చీపురు కాదు, వంతు. తరగతిలో ఆ రోజు బాధ్యత ఒకరిద్దరు పిల్లలది. నమస్కారం చెప్పించడం, బోర్డు తుడవడం, తరగతి డైరీ రాయడం వాళ్ల పని. రేపు ఇంకెవరిదో. తెలివైనవాడిదీ వస్తుంది, మొద్దబ్బాయిదీ వస్తుంది. అది అక్కడ ప్రభుత్వ పాఠ్యప్రణాళికలోనే భాగం, మాస్టారి దయ కాదు. మరి మన దగ్గర? ఆరో తరగతిలో లీడరైనవాడు బడి వదిలి వెళ్లేదాకా లీడరే. వాడికి అప్పటికే అన్నీ వచ్చు, మళ్లీ వాడికే ఇస్తాం. రానివాడికి ఇస్తే పని చెడుతుందని భయం. పని చెడితేనేం? హైస్కూల్లో చెడకపోతే ఇంకెక్కడ చెడుతుంది?

పిల్లల చేత ఊడ్పిస్తారా అని అడిగే తల్లిదండ్రులు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. అడగడంలో తప్పు లేదు. ఎందుకంటే మన బళ్లలో ఊడ్పించేది ఆలస్యంగా వచ్చినవాడి చేత. శిక్షగా ఊడిస్తే అది అవమానం. అందరికీ వంతుగా వస్తే అది పని. చీపురు ఒకటే, చేతికి ఇచ్చిన కారణం వేరు. చేసేవాళ్లు లేరని కొందరు పిల్లల చేతనే చేయిస్తే మాత్రం అది వెట్టి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఈ వరసలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి కర్ట్ హాన్. జర్మనీవాడు. 1920లో అక్కడే సాలెం అనే చోట బడి పెట్టాడు. హిట్లరును బహిరంగంగా ఎదిరించినందుకు 1933లో జైల్లో పెట్టారు. బయటపడి బ్రిటన్ చేరి, 1934లో స్కాట్లండులో గార్డన్‌స్టన్ బడి మొదలుపెట్టాడు. అది సముద్రం పక్కన ఉంది. హాన్ ఏం చేశాడంటే, తీరాన్ని కాపలా కాసే పని పిల్లలకు ఇప్పించాడు. తుపాను గాలి వీస్తున్నప్పుడు గుడిసెలో కూర్చుని సముద్రం మీద ఏ నావైనా ఆపదలో ఉందా అని చూడాలి. అది ఆట కాదు. అక్కడ నిద్రపోతే మనుషులు పోతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో, ఓడల కంపెనీ యజమాని లారెన్స్ హోల్ట్‌తో కలిసి బ్రిటన్‌లోని వేల్సులో అవుట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ మొదలుపెట్టాడు హాన్. ఓడ మునిగాక పడవల్లో వయసు మళ్లిన నావికులు తట్టుకుంటున్నారు, కుర్రవాళ్లు ముందే చేతులెత్తేస్తున్నారు అని హోల్ట్ బాధ. కండబలం కుర్రవాళ్లకే ఎక్కువ కదా, మరి తక్కువైంది ఏమిటి అన్న ప్రశ్నలోంచి ఆ శిక్షణ పుట్టింది.

హాన్ ఆలోచనతోనే 1962లో వేల్సులో అట్లాంటిక్ కాలేజీ అని మరో బడి వచ్చింది. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు, రకరకాల దేశాలవాళ్లు. అది కూడా సముద్రం ఒడ్డునే. అక్కడి పిల్లలు తీరంలో ప్రమాదంలో పడ్డవాళ్లను కాపాడే పడవ నడిపేవారు. మామూలు రబ్బరు పడవలు ఆ రాళ్ల ఒడ్డుకు రాసుకుని అడుగు చిరిగిపోతున్నాయి. హెడ్మాస్టరు డెస్మండ్ హోర్ పూర్వం నౌకాదళంలో రియర్ అడ్మిరల్. ఆయనా పిల్లలూ కలిసి బడి వర్క్‌షాపులో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. అడుగు గట్టి చెక్క, చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టం. కట్టడం, సముద్రంలోకి దింపడం, విరగ్గొట్టుకుని రావడం, మళ్లీ కట్టడం. ఇవాళ ప్రపంచమంతటా తీర రక్షకులు, నౌకాదళాలు వాడే ఆ రకం పడవ అలా పుట్టింది. బ్రిటన్‌లో ప్రాణరక్షక పడవల సంస్థ తన పడవల్లో ఒక రకానికి అట్లాంటిక్ అనే పేరు పెట్టుకుంది. ఆ బడి పేరే అది.

సైన్స్ ఫెయిర్లలో మనం పెట్టించే అగ్నిపర్వతాల నమూనాలు గుర్తొచ్చాయా? నాకూ గుర్తొచ్చాయి. ఆ నమూనా పగిలితే ఎవరికీ ఏమీ కాదు. పడవ పగిలితే అవుతుంది. పిల్లలు ఆ తేడాను మనకంటే తొందరగా పసిగడతారు.

అందరికీ సముద్రం ఉండదు, నిజమే. అందుకే కొన్ని చోట్ల దీన్ని గంటల్లోకి మార్చారు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో హైస్కూలు పూర్తి చేయాలంటే 75 గంటల సేవ ఉండాలి. కెనడాలో ఆంటారియోలో 40 గంటలు. ఇంటర్నేషనల్ బకలారియేట్ అని చాలా దేశాల్లో నడిచే హైస్కూలు కోర్సు ఒకటుంది, అది చదివే పిల్లలకు సృజన, శారీరక శ్రమ, సేవ అని మూడు కలిపి ఒక అంశం ఉంటుంది. దానికి మార్కులు ఉండవు, కానీ అది పూర్తి చేయకపోతే డిప్లొమా ఇవ్వరు. ఈ చివరి పద్ధతి నాకు కాస్త నచ్చుతుంది. మార్కులు లేవు కాబట్టి పోటీ లేదు, తప్పనిసరి కాబట్టి ఎగవేత లేదు.

అయితే గంటలు లెక్కపెట్టడం మొదలయ్యాక పిల్లలు సేవ చేయరు, గంటలు చేస్తారు. నేనూ ఒకసారి సేవా పుస్తకం అని పెట్టాను. తేదీ, చేసిన పని, ఎన్ని గంటలు, సంతకం. ఒక కుర్రాడు, పరమ అల్లరివాడు, ఒక రోజు తేదీ వేసి "మొక్కలకు నీళ్లు పోశాను, 2 గంటలు" అని రాశాడు. నేను సంతకం పెట్టేశాను కూడా. పెట్టాక గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుండపోత వాన. (నవ్వులు) పిలిచి అడిగితే, "మీరు చదువుతారనుకోలేదు సార్" అన్నాడు. తప్పు వాడిది సగం, చదవకుండా సంతకాలు పెట్టిన నాది సగం. వాడి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు కొంచెం చేదు మాట. మార్కులు తగ్గితే ఆటలు బంద్ అనే నియమం దాదాపు ప్రతి బడిలో రాసో రాయకో ఉంటుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం 1984లో దీన్ని చట్టమే చేసింది. ఒక్క సబ్జెక్టు తప్పినా ఆరు వారాలు ఆటలు, బ్యాండు అన్నీ బంద్. తర్వాత 1995లో దాన్ని మూడు వారాలకు తగ్గించారు. పిల్లాడికి బుద్ధి వస్తుందని వాళ్ల ఆశ. జోసెఫ్ మహోనీ, రాబర్ట్ కెయిర్న్స్ అనే పరిశోధకులు కొందరు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 1997లో ఫలితాలు ప్రచురించారు. బడి మధ్యలో మానేసే ప్రమాదం ఎక్కువగా ఉన్న పిల్లల్లో, ఏదో ఒక కార్యక్రమంలో ఉన్నవాళ్లు మానేయడం బాగా తక్కువ. బాగా చదివే పిల్లల్లో ఆ తేడా పెద్దగా లేదు, వాళ్లు ఎలాగూ మానేయరు. అంటే ఆ తాడు ఎవరికి అవసరమో వాళ్ల చేతిలోంచే లాగేస్తున్నాం. వాడు బడికి వచ్చేదే సాయంత్రం బంతి కోసమైతే, బంతి తీసేస్తే పుస్తకం కోసం వస్తాడా? నేను తీసేసి చూశాను. రాలేదు. ఒకడు నిజంగానే రాలేదు.

ఆటలు అమృతం అని కూడా అనను. జాక్వెలిన్ ఎకిల్స్, బోనీ బార్బర్ 1999లో ప్రచురించిన పరిశోధన ఉంది. జట్టు ఆటలు ఆడే పిల్లలకు బడి అంటే ఇష్టం ఎక్కువ, చదువులో ఫలితాలూ బాగున్నాయి, దాంతోపాటు తాగుడూ ఎక్కువగా ఉంది. సేవా కార్యక్రమాల్లో ఉన్నవాళ్లలో అలాంటి అలవాట్లు తక్కువ. దీన్నిబట్టి ఆట చెడ్డదని కాదు. జట్టు అంటే స్నేహాలు. ఆ స్నేహాల్లో పెద్దవాడి నీడ ఉందా లేదా అన్నది కోచ్ చూసుకోవలసిన పని. కప్పు గెలిస్తే చాలనుకునే కోచ్ అది చూసుకోడు.

ఆడపిల్లల సంగతి చెప్పకుండా పోలేను. "మా బళ్లో అమ్మాయిలకు ఆటల మీద ఆసక్తి లేదండీ" అని ఎందరో హెడ్మాస్టర్లు నాతో అన్నారు. అమెరికాలో 1972కు ముందు ఇదే మాట అనేవారు. ఆ ఏడాది, ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో ఆడామగా తేడా చూపకూడదని చట్టం వచ్చింది. అంతకుముందు 1971–72లో హైస్కూలు జట్లలో ఆడే అమ్మాయిలు మూడు లక్షల లోపు. 2018–19 నాటికి 34 లక్షలు. అమ్మాయిలకు ఆసక్తి ఎక్కడినుంచో ఊడిపడలేదు, మైదానం దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, పదకొండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో సరిపడా ఒళ్లు వంచనివాళ్లు 81 శాతం. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. కాబట్టి అబ్బాయిలు కూడా మీసం మెలెయ్యనక్కర్లేదు.

బడి పత్రిక గురించి ఒక్క మాట. 1983లో మిస్సోరీ రాష్ట్రంలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో పిల్లలు తమ పత్రికలో చదువుకుంటూ గర్భవతులైన అమ్మాయిల గురించి, తల్లిదండ్రుల విడాకుల గురించి వ్యాసాలు రాశారు. అచ్చుకు వెళ్లేముందు ప్రిన్సిపాల్ రెండు పేజీలు తీయించేశాడు. పిల్లలు కోర్టుకెక్కారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1988లో అయిదుగురు న్యాయమూర్తులు బడి వైపు, ముగ్గురు పిల్లల వైపు. బడి గెలిచింది. చట్టం ప్రకారం సరే. కానీ హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, ఆ ప్రిన్సిపాల్ కుర్చీలో నేనుంటే నేనూ బహుశా ఆ పేజీలు తీయించేవాణ్నే. తీయించి, రాత్రంతా నిద్ర పట్టక దొర్లేవాణ్ని. పిల్లలకు నిజమైన బాధ్యత ఇవ్వడమంటే మనకు నిద్ర పట్టకపోవడమే. అంతా సజావుగా నడిచిపోయి, హెడ్మాస్టరు సందేశం, ఒక చిన్న కథ, రెండు సూక్తులతో వచ్చే బడి పత్రికను ఎవరు చదువుతారు? రాసినవాడు తన పేరు చూసుకోవడానికి చదువుతాడు.

ఇదంతా ఎవరు చేయాలి? మాస్టార్లే చేయాలి. ఇక్కడే అసలు చిక్కు. ఇందాక జపాను గురించి మెచ్చుకున్నాను కదా. 2018లో వివిధ దేశాల ఉపాధ్యాయుల మీద జరిగిన సర్వేలో జపాను మాధ్యమిక ఉపాధ్యాయులు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. మిగతా దేశాల సగటు 38. క్లబ్బులు, ఆటల శిక్షణ లాంటివాటికే వారానికి 7.5 గంటలు, మిగతాచోట్ల 2 గంటల లోపు. శనివారం, ఆదివారం కూడా మైదానంలోనే. చివరికి ప్రభుత్వమే కదిలింది. 2023 నుంచి సెలవురోజుల క్లబ్బులను మెల్లగా బడి నుంచి స్థానిక సంఘాలకు మారుస్తున్నారు. మాస్టారిని పిండి పిల్లల్ని పెంచలేం. పది కొత్త కార్యక్రమాలు పెట్టి మాస్టార్ల నెత్తిన రుద్దే యాజమాన్యాలకు ఈ సంగతి వినపడాలి. అందుకే నేను కొత్త కార్యక్రమాలు పెట్టమనను. ఉన్న పనుల్లో పెద్దవాళ్లు చేస్తున్నవి పిల్లలకు అప్పగించమంటాను. మొదట్లో కొన్నాళ్లు పని పెరుగుతుంది. తర్వాత తగ్గుతుంది.

ఇక నేను చాలిస్తాను. ఏవైనా అడగండి.

ప్రశ్న (ఒక తల్లి): పరీక్షల సంవత్సరంలో పిల్లలకు వీటికి టైమెక్కడుందండీ?

మీ ఆందోళన నాకు తెలుసమ్మా. నేనూ తండ్రినే, మా అబ్బాయి పరీక్షలప్పుడు బ్యాటు బీరువాలో పెట్టి తాళం వేసినవాణ్ని. వాడు ఆ సాయంత్రాలు చదవలేదు. కిటికీలోంచి రోడ్డు చూశాడు. పది పనుల్లో చేర్చకండి. వాడికిష్టమైంది ఒకటి ఉంచండి, మిగతావి మానిపించండి. నాలుగు క్లాసులకు తిప్పుతూ మధ్యలో కారులో హోంవర్కు చేయించే ఇళ్లు చూశాను. అది కూడా చదువులాగే ఇంకో బరువు.

ప్రశ్న (ఒక యువ ఉపాధ్యాయుడు): సార్, సోమవారం పొద్దున్న బడికి వెళ్లి ముందుగా ఏం చేయమంటారు?

మంచి ప్రశ్న. హాజరు పట్టీ తీయండి. ఒక్కో పేరు చదివి, "ఈ పిల్ల ఇవాళ రాకపోతే బళ్లో ఏదైనా పని ఆగుతుందా" అని మీలో మీరే ప్రశ్న వేసుకోండి. ఆగితే టిక్కు పెట్టండి. నేను మొదటిసారి పెట్టినప్పుడు నలభై రెండు పేర్లలో తొమ్మిది టిక్కులు పడ్డాయి. ఆ తొమ్మిదిమందీ మీరు ఊహించుకున్నవాళ్లే. మిగతా ముప్పై మూడు మందికి పనులు వెతకడానికి నాకు ఆ ఏడాదంతా పట్టింది. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే రిజిస్టరు, ప్రథమ చికిత్స పెట్టె, నోటీసు బోర్డు, లేబొరేటరీ తాళాలు, కొత్తగా చేరిన పిల్లలకు బడి చూపించడం. ఎప్పుడూ నలభై రెండు టిక్కులు పడలేదు, ముప్పై నాలుగు దాకా వచ్చాను.

అందులో ఒకటి వర్షమాపకం. బడి మేడమీద చిన్నది పెట్టించాం. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకు మెట్లెక్కి, గొట్టంలో ఎన్ని మిల్లీమీటర్లు ఉందో చూసి, రిజిస్టరులో రాసి, నీళ్లు పారబోసి రావాలి. ఆ వేళకు చూడకపోతే ఆ రోజు లెక్క పోయినట్టే. సాయంత్రం వెళ్లి చూస్తే ఏ రోజు వాన ఎంతో చెప్పలేం. ఆ పని ఎవరికిచ్చానో మీకీపాటికి తెలిసే ఉంటుంది. వాన రోజున మొక్కలకు నీళ్లు పోసిన మహానుభావుడికే. (నవ్వులు) తోటి మాస్టార్లు నవ్వారు. "కూర్చున్నచోటే అంకెలు వేసేస్తాడండీ" అన్నారు. నాకూ ఆ అనుమానం లేకపోలేదు. మొదటి నెల వాడి వెనకాలే రెండుసార్లు దొంగచాటుగా మేడెక్కి చూశాను కూడా.

ఏడాది చివర ఆ రిజిస్టరు తిరగేశాను. చాలా రోజులు సున్నాలే, వాన లేదు కాబట్టి. వానాకాలంలో అంకెలు, పక్కన వాడి పొట్టి సంతకం. ఒక తేదీ దగ్గర గడిలో అంకె లేదు. దానికి ముందు రోజు 14, తర్వాతి రోజు 22. మధ్యలో ఏ పదహారో పద్దెనిమిదో వేసేస్తే ఎవరూ కనిపెట్టలేరు. వాడు ఆ గడిలో గీత కొట్టి, పక్కన రాశాడు: "లేవలేదు. చూడలేదు." కింద సంతకం.